పెద్దమ్మ కొరంగాడు మీద నేను రాసిన అబద్ధం

ఇరవై ఆరేళ్ల వయసులో నేను ప్రభుత్వ కాగితం మీద ఒక అబద్ధం రాశాను. లంచం తిని రాయలేదు, ఎవరికో భయపడీ రాయలేదు. ప్రేమతో రాశాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు లంచం గురించి, భయం గురించి బోలెడు ఉపన్యాసాలు వినే ఉంటారు. ఈ మూడోదాని గురించి మీకెవరూ చెప్పి ఉండరు కాబట్టి నేను చెబుతున్నాను. నీతికథ అనుకుని మాత్రం చదవకండి. చివర్లో నేను లెంపలేసుకోవడం లాంటిదేమీ ఉండదు.

మాది కోయంబత్తూరు. మా వంశం ఈ గడ్డకు ఎప్పుడొచ్చిందో మా తాతకే తెలియదు. ఇంట్లో తెలుగు, బడిలో అరవం, ఆఫీసులో ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు నేను రిటైరయ్యాకే కూర్చుని నేర్చుకున్నాను. ఎక్కడైనా గుణింతం తప్పితే మీరే దిద్దుకోండి. విషయం మాత్రం దిద్దొద్దు.

మా నాన్న మిల్లులో పనిచేసేవాడు. మా వీధిలో మగపిల్లవాడు పుడితే రేపు ఏ మిల్లుకు పోతాడని అడిగేవారే గాని, ఏం చదువుతాడని అడిగిన పాపాన పోలేదు. నేను వ్యవసాయంలో డిప్లొమా చేసి, నేల కోతను ఆపే పథకంలో ఫీల్డు అసిస్టెంటుగా చేరితే అమ్మ ఏడ్చింది.

"మిల్లయితే కూత కూస్తే పోతారు, కూత కూస్తే ఇంటికొస్తారు. నీకు కూత యాడుండాదిరా? ఎండలో గట్ల మీద తిరిగేకా నిన్ను చదివించింది?" అంది.

అమ్మ మాట సగం నిజమే. నా పని గట్ల మీద తిరగడమే. వాలు నేలల్లో వానకు మట్టి కొట్టుకుపోతోందని, అడ్డంగా గట్లు వేసుకునే రైతుకు ఖర్చులో పెద్ద వాటా ప్రభుత్వమే ఇచ్చేది. సాగులో ఉన్న చేనుకు తక్కువ, తరిశుకు, అంటే బీడుకు, ఎక్కువ. బీడుకు ఇంకో షరతు కూడా ఉండేది. గట్లు వేసి, ట్రాక్టరుతో దున్ని, పత్తి పండే నేలగా మార్చాలి. మిల్లులకు అప్పట్లో ఎంత పత్తి ఉన్నా చాలేది కాదు. మొదటి వాయిదా మా కాగితం చూసి ఇచ్చేవారు, రెండోది దున్నాక. అంటే నేలను పాడుచేసుకున్నవాడికి సాయం, గట్ల అవసరమే రాకుండా జాగ్రత్తగా చూసుకున్నవాడికి సున్న. ఈ మాట ఇప్పుడు కోపంగా రాస్తున్నాను గాని, అప్పుడు నా తలకెక్కలేదు.

నాతో సర్వే గొలుసు పట్టుకుని తిరిగే ఆయన నాకన్నా ఇరవై ఏళ్లు పెద్ద. తుడియలూరు దగ్గర కాలనీలో ఉండేవాడు. మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే క్రైస్తవ కుటుంబం. నేల వాలు కంటితో చూసి చెప్పేవాడు. నేను లెవెల్ పెట్టి గంటసేపు తంటాలు పడితే ఆయన చెప్పినదానికి వేలెడు తేడా వచ్చేది. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ని, ఆయన నన్ను సారూ అనేవాడు. ఇద్దరికీ అందులో ఇబ్బంది కనిపించలేదు.

ఒక ఎండాకాలం ఇద్దరం కినత్తుకడవు నుంచి తూర్పుగా, పల్లడం వైపు పోయే మట్టిరోడ్డు పట్టుకుని ఊరూరా దరఖాస్తులు రాయిస్తున్నాం. ఒక ఊరి చివరింట్లో అరవై ఏళ్ల ఆవిడ వసారాలో కూర్చుని ఉలవలు చెరుగుతోంది. భర్త పోయి ఆరేళ్లయింది. కూతుళ్లిద్దరూ అత్తారిళ్లలో ఉన్నారు. ఏడెకరాల నేల, తొమ్మిది పశువులు, ఆవిడ. నేనూ అన్నా తెలుగులో మాట్లాడుకోవడం విని చాట ఆపింది.

"యాడప్పా మీది?"

"కోయంబత్తూరమ్మా."

"మనవాళ్లా! ఇంటిపేరేంది?"

చెప్పాను.

"మీ అమ్మ పుట్టింటిది?"

అదీ చెప్పాను. ఆవిడ చాట కింద పెట్టేసింది.

"అది నా పుట్టింటి పేరు కదరా! అట్లయితే మీ అమ్మ నాకు చెల్లెలు. నేను నీకు పెద్దమ్మను. ఇంతసేపు అమ్మా గిమ్మా అంటాండావే, సిగ్గులేదా నీకు?"

మా వాళ్ల సంగతి తెలియనివారికి ఒక ముక్క చెప్పాలి. ఎన్నో తరాల కిందట చెల్లాచెదురైన జనం మేము. ఊరు పేరు చెబితే మాకు బంధుత్వం తెలియదు. ఇంటిపేరు చెబితే తెలుస్తుంది. ఇంటిపేరు కలిస్తే రక్తం కలిసినట్టే, తరువాత తవ్వి చూసే పని పెట్టుకోం. ఆవిడ పెద్దమ్మ అంది, నేను పెద్దమ్మా అన్నాను. అయిపోయింది. ఐదు నిమిషాల్లో నా ముందు సజ్జ సంగటి, గడ్డపెరుగు ఉన్నాయి. అన్నకు కూడా పక్కనే ఆకు వేసింది. ఆ ఊళ్లో ఆ రోజుల్లో అది అందరూ చేసే పని కాదు.

తిన్నాక అన్న లేచి గొలుసు అందుకున్నాడు. "సారూ, చేను ఒక చుట్టు చూసి వద్దామా?"

నేను కళ్లతోనే వద్దన్నాను. పెద్దమ్మ చేతి సంగటి తిని, మూతి తుడుచుకుని, ఆవిడ నేల కొలవడానికి గొలుసు తీయడమా? ఆవిడ మాట మీద నమ్మకం లేదని మొహాన చెప్పడమే కదా అది! సొంతవాళ్ల చేనుకు తనిఖీ ఏమిటి? వసారాలోంచే చూశాను. రోడ్డుకు అవతల ముళ్లకంచె, కంచె లోపల ఎండిన గడ్డి, అక్కడక్కడ తెల్లతుమ్మ చెట్లు. ఎక్కడా ఒక్క నాగటి చాలు లేదు. మిల్లు వీధిలో పెరిగినవాడికి చాలు లేని నేలంటే బీడే. బీడుకైతే డబ్బెక్కువ వస్తుంది, పెద్దమ్మకు రానీ అనుకున్నాను. "తరిశు, ఏడెకరాలు, స్వయంగా చూశాను" అని రాసి సంతకం గీకాను.

"ఇది దేనికిరా?" అని అడిగింది వేలిముద్ర వేస్తూ.

"భూమిని కాపాడేవాళ్లకు సర్కారు డబ్బిస్తాంది పెద్దమ్మా."

ఆవిడ వేలు కాగితం మీదే ఉండిపోయింది. "కాపాడినదానికా? నెజంగానా?" కళ్లు తుడుచుకుని, అరవంలో 'కన్నా' అన్నట్టు నన్ను కణ్ణు అని పిలిచింది. "మీ పెద్దనాన్న ఉంటే చూసేవాడు కణ్ణు. బావి తవ్వి పత్తి వెయ్యకుండా గడ్డి పెంచుతాండాడే పైత్యకారుడని ఊరంతా నగినారు."

ఆ మాటతో నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు. దారిలో అన్న అన్నాడు: "సారూ, అది తరిశు కాదు. కొరంగాడు."

"గడ్డే కదన్నా?"

"గడ్డేలే" అని ఊరుకున్నాడు. ఆయన ఊరుకున్నాడంటే అర్థం ఏమిటో నాకు తెలుసు. అయినా వినదలచుకోలేదు.

కొరంగాడు అంటే ఆ ప్రాంతంలో తరతరాలుగా సాగిన పద్ధతి. చేను చుట్టూ కిలువ అనే ముళ్లమొక్కతో కంచె పెంచుతారు. లోపల కూడా అదే కంచెతో నాలుగు మడులు చేస్తారు. వాటిలో కొళుక్కట్టై అనే గడ్డి, నీడకూ కాయకూ తెల్లతుమ్మలు. పశువుల్ని ఒక మడి మేపి, దానికి విశ్రాంతినిచ్చి, తరువాతి మడిలోకి తోలుతారు. నాగలి పెట్టరు. వాన లేని ఏడు కూడా ఆ గడ్డి పశువును బతికిస్తుంది, ఆ పశువు మనిషిని బతికిస్తుంది. పెద్దమ్మ కోడెలు సంతకు పోతే నిలబడిన చోటే అమ్ముడయ్యేవి. నేలను కాపాడమని ఊరూరా చెప్పే ఉద్యోగం నాది, ఎప్పటినుంచో కాపాడుతూ వస్తున్న నేల నా ఎదురుగా ఉంది, నేను దానికి బీడని పేరు పెట్టాను.

మొదటి వాయిదా వచ్చింది. పెద్దమ్మ దాంతో కంచె బాగుచేయించింది. గడ్డి నేలకు సర్కారు బహుమానమిచ్చిందని ఊరంతా చెప్పుకుంది. కోయంబత్తూరు పోయే బస్సులో ఎవరు కనబడితే వాళ్ల చేత నాకు వెన్న పంపేది.

ఆడి మాసంలో, అంటే మన ఆషాఢంలో, ఉత్తర్వు వచ్చింది. పైనుంచి తనిఖీ ఉంది, తరిశు అని రాసిన నేలలన్నీ ఆలోపు దున్ని చూపించాలి. అద్దె ట్రాక్టరు వెనకాల జీపులో మా ఆఫీసరు, నేను, అన్న బయల్దేరాం. ఆఫీసరు అరవాయన. చెడ్డవాడేం కాదు. మట్టి గురించి పెద్ద చదువు చదివి, ఆ చదువును ఫారాల గడుల్లో ఇరికించుకుంటూ బతుకుతున్న మనిషి. జీపు పెద్దమ్మ ఊరి మట్టిరోడ్డు మీదికి తిరిగాకే ఎటు పోతున్నామో నాకు తెలిసింది.

పెద్దమ్మ కంచె తలుపు దగ్గర నిలబడి ఉంది. అరవలేదు. ఆఫీసరు వంక చూడను కూడా చూడలేదు.

"ఏం కణ్ణు, ఈ బండి ఎందుకొచ్చింది?"

"దున్నేకి పెద్దమ్మా."

"ఏది?"

కంచె లోపలికి చెయ్యి చూపించాను.

"కాపాడినదానికని డబ్బిచ్చి, ఇప్పుడు చంపేకి వచ్చినారా?" ఆవిడ నా మొహంలోకి చూసింది. "నీవు ఒక్కసారన్నా లోపలికొచ్చి చూసినావా?"

"లేదు."

"రా."

తలుపు విప్పి లోపలికి నడిచింది. నేను వెనకాల పోయాను. ఆఫీసరు గడియారం చూసుకుని, విసుక్కుంటూ తనూ వచ్చాడు. రెండు వానలకే గడ్డి మోకాళ్ల దాకా లేచింది. అన్న గడ్డపార నేలలోకి గుచ్చాడు. మూరెడు దిగింది. పైకి తీసిన మట్టి తడిగా ఉంది. తరువాత కంచె దాటి పక్క చేలో గుచ్చాడు. అది రెండేళ్ల కిందట మేమే గట్లు వేయించి, దున్నించి, ఫొటో తీయించిన చేను. గడ్డపార ఠంగుమంది. మేం వేసిన గట్టు మధ్యలో తెగి, ఎర్రమట్టి రోడ్డు దాకా కొట్టుకొచ్చి ఉంది.

ఆఫీసరు వంగి పెద్దమ్మ నేలలోంచి గుప్పెడు మట్టి తీసుకుని వాసన చూశాడు. ఆయనకు అర్థమైంది. నన్ను పక్కకు లాగి అరవంలో గొణిగాడు. "ఫారంలో రెండే గడులున్నాయప్పా. సాగు, తరిశు. గడ్డినేల అని గడి లేదు. నువ్వేమో తరిశని రాసి పెట్టావు. నేనేం చెయ్యను? కంచె పక్కన ఒక్క చాలు తోలి, దున్నామని రాసేద్దాం. ఆమెకు రెండో వాయిదా కూడా వస్తుంది. అందరికీ మంచిదే."

అబద్ధమెందుకు, నాకు ప్రాణం లేచొచ్చింది. పరుగున పోయి పెద్దమ్మకు చెప్పాను. ఒక్క చాలు, అంతే, తరువాత ఎవరూ రారు అన్నాను.

"ఎందుకు రారు? కాగితంలో తరిశనే ఉంటాది కదా? నేను పోయినాక ఇంకొకడొస్తాడు, ఇంకో బండి తెస్తాడు. నాకు ఆ చాలూ వేణాం, ఆ డబ్బూ వేణాం. నీవు రాసింది నీవే తియ్యి" అంది.

అప్పుడు నాకు ఒళ్లు మండింది. ఆవిడ మీద కాదు. గడి లేదని నేలను చంపమనే ఫారం మీద, దాన్ని నింపిన నా చేతి మీద. జీపులోంచి కాగితం తెచ్చి ట్రాక్టరు మడ్‌గార్డు మీద పెట్టి రాశాను. ఈ నేల తరిశు కాదు. నేను చూడకుండానే చూశానని రాశాను. నా రాత అబద్ధం.

ఆఫీసరు చదివి, మళ్లీ నా చేతికే ఇచ్చాడు. "ఇది నేను తీసుకుంటే నీ ఉద్యోగం పోతుంది. జేబులో పెట్టుకో. రేపు మాట్లాడదాం."

"రేపటి దాకా ట్రాక్టరు ఆగుతుందా సార్?"

"ఆగదు."

"అయితే తీసుకోండి."

అన్న ముందుకొచ్చాడు. "సాక్షి సంతకం నాది పెట్టుకోండి సార్. ఆ రోజు నేనూ చూడలేదు." ఆయనకు నలుగురు పిల్లలు. నేను వద్దంటున్నా వినకుండా మూడక్షరాల సంతకం పెట్టి, పెన్ను నా జేబులో గుచ్చాడు. ట్రాక్టరు వెనక్కి తిరిగింది.

మర్నాడే నన్ను సస్పెండు చేశారు. అన్నకు మెమో ఇచ్చారు. నాన్న మిల్లులో ఎవరైనా రానిరోజు పిలిచే బదిలీ కూలీగా పెట్టిస్తానన్నాడు. "ఇప్పటికైనా కూత వినరా" అంది అమ్మ. విననన్నాను. మూడు నెలలు ఇంట్లో కూర్చున్నాను, ఒక్క రోజు కూడా తల దించుకుని కూర్చోలేదు.

విచారణ ముందురోజు ఆఫీసరు కబురుపెట్టి రప్పించుకున్నాడు. బంధువుకు లాభం చేయడానికి తప్పుడు సర్టిఫికెట్ ఇచ్చానని నా మీద అభియోగం. "ఆమె నీకేమీ కాదు కదా? ఇంటిపేరొకటైతే పెద్దమ్మ అయిపోతుందా? ఏమీ కాదని చెప్పు. నా కంటికి తరిశు లాగే కనిపించింది, ఆ రోజు ఆవేశంలో ఏదో రాశాను, మొదటి రాతే నిజం అని చెప్పు. హెచ్చరికతో వదిలేస్తారు" అన్నాడు. నా మంచికే చెప్పాడు. కాని మొదటి రాతే నిజమైతే ట్రాక్టరు మళ్లీ వస్తుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

విచారణకు పెద్దమ్మ మొదటి బస్సుకే వచ్చింది, నెత్తిన పచ్చగడ్డి మోపుతో. బంట్రోతు అడ్డం పడితే వాణ్ని తోసుకుని లోపలికొచ్చి, మోపును విచారణాధికారి బల్ల మీద దించింది.

"ఇది తరిశులో మొలిచినదా సామి? మీ ఇంటి ఆవుకు వెయ్యండి, అది చెప్తాది."

ఆయన కాగితాలు గడ్డి కింద వెతుక్కుని, నవ్వు ఆపుకుని అడిగాడు. "ఇతను మీకేమవుతాడమ్మా?"

మా ఆఫీసరు ఏమీ కాడని చెప్పమన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. పెద్దమ్మ చూడనేలేదు.

"మా చెల్లెలి కొడుకు."

"సొంత చెల్లెలా?"

"చెల్లెలంటే చెల్లెలే. సొంతం, అద్దె అని రెండు రకాలుండాయా?"

ఆయన నా వైపు తిరిగాడు. "రక్తసంబంధం లేదని మీరు చెప్పుకోవచ్చు. ఆలోచించుకోండి."

ఆలోచించడానికేముంది? ఆవిడ అందరి ముందూ నన్ను కొడుకంటే, ఉద్యోగం కోసం నేను కాదనాలా? "మా పెద్దమ్మే సార్. ఆవిడ ఇంట్లో తిని, ఆవిడ చేను కొలవడానికి మొహమాటపడి చూడకుండా రాశాను. ఆ రాత కొట్టెయ్యండి. తరువాత నన్నేం చేసుకుంటారో చేసుకోండి" అన్నాను.

రాత కొట్టేశారు. ఎర్రసిరాతో అడ్డంగా గీసి, పక్కన "మేత భూమి, దున్నరాదు" అని రాశారు. గడి లేకపోతే గడి బయట రాయవచ్చని ఆ రోజు తేలింది. నాకు రెండు ఇంక్రిమెంట్లు కోశారు, పెరియకుళం మామిడితోటల వైపు బదిలీ చేశారు. అన్న మెమోను మా ఆఫీసరు ఎక్కడో పారేశాడు. ఆ ఒక్క పనికి ఆయనకు నేను జీవితాంతం దణ్ణం పెట్టాను. మొదటి వాయిదాను నా జీతంలోంచి పట్టుకుంటే, పెద్దమ్మ ఒక కోడెను అమ్మి ఆ డబ్బు తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టింది. ఆ అక్కచెల్లెళ్లు కలుసుకోవడం అదే మొదటిసారి. సాయంత్రం దాకా పుట్టింటివాళ్లను తిట్టుకుంటూ కూర్చున్నారు.

పిల్లలూ, చేను తొక్కకుండా చేను గురించి రాయకండి. అది నేను చేసిన తప్పు, ఒప్పుకుంటున్నాను. ఆ తరువాత చేసినదాంట్లో మాత్రం తప్పు లేదు. నా తరువాత చేరినవాళ్లు నాకు పై అధికారులై వచ్చారు. "అప్పుడు ఆమె ఏమీ కాదని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది కదా" అని జాలిపడ్డారు. మీ జాలి మీ దగ్గరే ఉంచుకోండి, నాకు నిద్ర బాగా పడుతుంది అని చెప్పేవాణ్ని.

పెరియకుళంలో ఉండగా పెద్దమ్మ పోయిందని కబురొచ్చింది. కొడుకుల్లేరు, కొడుకు చేయాల్సినవి నేనే చేయాలి. పదహారో రోజు కర్మ దాకా సెలవు కావాలని అర్జీ రాసి, కారణం దగ్గర "పెద్దమ్మ మరణం" అని పెట్టాను. సెలవుల గుమాస్తా కొత్తవాడు. కళ్లజోడు మీదుగా చూశాడు.

"పెద్దమ్మకు పదహారు రోజులా సార్? ఈ ఆఫీసులో ఒక్కొక్కరూ పదిమంది పెద్దమ్మల్ని చంపేశారు. దగ్గరి బంధువని రుజువేమైనా ఉందా?"

"ఉంది. బీరువాలో నా ఫైలు తియ్యండి" అన్నాను.

తీశాడు. నాకు శిక్ష వేసిన ఉత్తర్వు విప్పి ఆయన ముందు పెట్టాను. "తనకు దగ్గరి బంధువైన పెద్దమ్మకు లాభం చేకూర్చినందున" అన్న చోట వేలు ఆనించాను.

"ప్రభుత్వం విచారణ జరిపి, సాక్షుల్ని పిలిచి, తేల్చి, ముద్ర వేసిన పెద్దమ్మ. రాయండి సెలవు."

రాశాడు. పదహారు రోజులూ రాశాడు.